ఇంట్లో ఎంతమంది?

అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంటావిడ అడిగే మొదటి ప్రశ్న మీవారి జీతం గురించి కాదు. కులం గురించి కూడా కాదు, అది రెండోది. "ఎంతమందమ్మా మీరు?" అన్నదే మొదటిది. "మేమిద్దరం, ఇద్దరు పిల్లలూనండీ" అంటాం మనం. ఆవిడకి తృప్తి వుండదు. "వచ్చేపోయేవాళ్ళు..." అని సాగదీస్తుంది. అసలు సంగతంతా ఆ సాగదీయడంలోనే వుంది. కాలేజీలో చేరిన మరిది, ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన పిన్ని కొడుకు, నెలకింతని ఇచ్చి ముందుగదిలో మంచం వేసుకున్న మీవారి ఆఫీసు కుర్రాడు. వీళ్ళలో చుట్టం ఎవరు, అద్దెకున్నవాడు ఎవరు? మేము కొత్తగా కాపరం పెట్టిన ఊళ్ళో ఒక ఇంటావిడ గుమ్మంలో చెప్పుల జతలు లెక్కపెట్టేది. "రాత్రి ఏడు జతలున్నాయేం?" అని పొద్దున్నే, పాలు పోయించుకుంటూ అడిగేది. నవ్వుతూనే అడిగేదనుకోండి. అయినా సమాధానం చెప్పాల్సిందే.

ఈ చెప్పుల లెక్క వెనక నూటయాభై ఏళ్ళకి పైబడిన చరిత్ర వుంది. దీనికోసం చట్టసభలు చట్టాలు చేశాయి. సుప్రీంకోర్టు దాకా దావాలు నడిచాయి.

డబ్బు పుచ్చుకుని పరాయివాళ్ళకి ఇంట్లో అన్నం పెట్టడం మనకేం కొత్త కాదు. కాకతీయుల ఓరుగల్లుని కళ్ళకి కట్టే 'క్రీడాభిరామం'లో పూటకూటి ఇల్లుంది, రూక ఇస్తే కడుపునిండా భోజనం. గురజాడవారి పూటకూళ్ళమ్మని తెలియనివాళ్ళు మనలో ఎవరు? ఇక వారాలబ్బాయిల సంగతి సరేసరి. రోజుకో ఇంట్లో భోంచేసి, ఏ అరుగు మీదో పడుకుని చదువుకుని పెద్దవాళ్ళయినవాళ్ళు మన పెద్దతరంలో ఎందరో. కానీ ఆ ఇళ్ళు చాలామటుకు సొంత ఇళ్ళు. అరుగు ఎవరిదో, అన్నం వాళ్ళదే. పేచీ ఎక్కడొస్తుందంటే, ఇల్లు ఒకరిది, కాపరం ఇంకొకరిది, మంచం మూడోవాడిది అయినప్పుడు. అలాంటి ఇళ్ళు పట్నాలతోనే వచ్చాయి. ఫ్యాక్టరీల పట్నాలతో మరీను.

అందులో ముందు చెప్పుకోవలసింది స్కాట్లండులోని గ్లాస్గో. మిల్లులు, ఓడల కార్ఖానాలు పెరిగి, పల్లెల నుంచీ ఐర్లండు నుంచీ జనం వచ్చి పడిపోయారా ఊళ్ళో. ఒక్క గది ఇళ్ళే ఎక్కువ. అంటురోగాలకి భయపడి 1862లో అక్కడి పురపాలకులు ఒక విచిత్రమైన చట్టం తెచ్చుకున్నారు. చిన్న ఇళ్ళన్నిటినీ కొలిచి, లోపల గాలి ఎన్ని ఘనపుటడుగులో లెక్కకట్టి, ఎంతమంది పడుకోవచ్చో ఒక రేకు మీద వేసి తలుపుకి కొట్టేశారు. పెద్ద మనిషికి 300 ఘనపుటడుగులు. అంటే ఆరడుగుల పొడుగు, అయిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు, అంతే వాడి వాటా. ఎనిమిదేళ్ళలోపు పిల్లలు రైల్లో లాగా అర టిక్కెట్టు. వాటిని 'టిక్కెట్టు ఇళ్ళు' అనేవారు కూడాను.

మరి రేకు మీద వున్న లెక్క లోపల వుందా లేదా? చూడ్డానికి ఇన్‌స్పెక్టర్లు అర్ధరాత్రి దాటాక వచ్చి తలుపు తట్టేవాళ్ళు. మగవాళ్ళు పగలు పనిలో వుంటారు కదా, అసలు లెక్క తేలేది రాత్రే. తలుపు చప్పుడు వినగానే లెక్కకి మించిన వాళ్ళు మంచాల కిందకీ, అలమారుల్లోకీ, ఇంటి కప్పుల మీదకీ పాకేవాళ్ళట. ఆ చలిదేశంలో, నిద్రబట్టలతో! దొరికితే జరిమానా కట్టేది కాపరం వున్నవాళ్ళే. నిద్రలేచి, చంటిపిల్లని ఎత్తుకుని, "ఎవరూ లేరండీ, మేమే" అని ముందుగా అబద్ధం ఆడవలసినది ఎవరై వుంటారో వేరే చెప్పాలా? ఆ ఊరి ఆరోగ్యాధికారి జేమ్స్ బర్న్ రస్సెల్ అనే ఆయన 1888లో ఒంటిగది బతుకుల మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఒంటిగది ఇళ్ళలో నూటికి 14 ఇళ్ళలో, రెండు గదుల ఇళ్ళలో నూటికి 27 ఇళ్ళలో బయటివాళ్ళు డబ్బిచ్చి వుంటున్నారని లెక్క చెప్పాడు. గది ఒకటి, అందులో మొగుడూ పెళ్ళాం పిల్లలూ, ఆ పైన ఒక పరాయి మగవాడు! చదువుతుంటే మనకే ఊపిరాడదు. కానీ ఆ పరాయివాడు ఇచ్చే డబ్బుల్లోంచే అద్దె వెళ్ళేది. అతన్ని పంపించేస్తే మిగిలినవాళ్ళు కూడా ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే.

ఆ ఊళ్ళోనే యింకో కథ జరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధాల పనికి జనం మళ్ళీ విరగబడి వచ్చారు. మంచం దొరకడమే కష్టమైంది. అదను చూసి ఇంటి యజమానులు అద్దెలు పెంచారు. మగవాళ్ళు చాలామంది యుద్ధంలో వున్నారు, మిగిలినవాళ్ళు పనిలో. ఇళ్ళల్లో వున్నది ఆడవాళ్ళే. గోవన్ పేటలో మేరీ బార్బర్ అనే గృహిణి నాయకత్వాన వాళ్ళంతా కలిసి, పెంచిన అద్దె ఇచ్చేది లేదన్నారు. ఇల్లు ఖాళీ చేయించడానికి అమీనా వస్తే గంట మోగేది. చేతిలో పని అలాగే వదిలి వీధి వీధంతా దిగేది. వచ్చినవాడి మీద పిండి కుమ్మరించి పంపేవాళ్ళు. 1915 నవంబరు నాటికి సుమారు 20,000 కుటుంబాలు పెంచిన అద్దె కట్టడం మానేశాయి. ఆ ఏడాది డిసెంబరులోనే బ్రిటిషు పార్లమెంటు, యుద్ధం మొదలయినప్పటి అద్దె కంటే ఒక్క పెన్నీ పెంచకూడదని చట్టం చేసింది. మేరీ బార్బర్ 1920లో ఆ ఊరి కౌన్సిలుకి ఎన్నికయింది.

ఆ చట్టం మూడేళ్ళలో ఓడెక్కి బొంబాయి వచ్చింది. అక్కడా యుద్ధం పేరుతో అద్దెలు మండిపోతున్నాయి. 1918లో బొంబాయి అద్దెల చట్టం వచ్చింది. తరవాత రెండేళ్ళకి కలకత్తాకీ, రంగూన్‌కీ వచ్చాయి. మన ఇంటావిడ ప్రశ్న కోర్టు ప్రశ్నగా మారడానికి ఈ బొంబాయి దారే కారణం. అంచేత అక్కడ కాసేపు ఆగుదాం.

బొంబాయి మిల్లుల్లో మన తెలుగువాళ్ళు మొదటినుంచీ వున్నారు. తెలుగు నేల నుంచి వెళ్ళి ఇళ్ళూ రోడ్లూ కట్టిన కామాటీల పేరు మీదే కామాటిపురా వెలిసింది. ఆ పేటకి తరవాత వచ్చిన పేరు వేరనుకోండి, ఆ పేరు పెట్టింది వాళ్ళు కాదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి పద్మశాలీలు మగ్గం పని వదిలి వర్లీ, పరేల్ మిల్లుల్లో చేరారు. వీళ్ళంతా వున్నది చాళ్ళల్లో. చాల్ అంటే పొడుగాటి వసారా, దాని వెంట వరసగా గదులు, ఓ చివర అందరికీ కలిపి కుళాయిలూ, మరుగుదొడ్లూ. 1921-22లో అక్కడి లేబర్ ఆఫీసు కార్మికుల ఇంటిఖర్చుల లెక్క తీస్తే, నూటికి 97 కుటుంబాలు ఒంటిగదిలోనే కాపరం వున్నాయని తేలింది. 1920ల్లో ప్రభుత్వమే కట్టించిన బి.డి.డి. చాళ్ళు 207 వుండేవి. ఒక్కో చాల్‌కి ఎనభై గదులు, గది 160 చదరపుటడుగులు. మనలో కొందరి వంటిళ్ళంత.

ఆ గదిలో కుటుంబం ఒక్కటే వుంటే అద్దె, తిండి, ఊరికి పంపే మనియార్డరు మూడూ వెళ్ళవు. అంచేత ఊరినుంచి వచ్చిన నలుగురిని చేర్చుకునేవాళ్ళు. రాత్రి షిఫ్టువాడు లేచి వెళ్ళిన చాప మీద పగలు షిఫ్టువాడు పడుకునేవాడు. ఇంటి ఇల్లాలు వాళ్ళందరికీ రెండుపూటలా వండేది. మరాఠీలో దాన్ని 'ఖానావళి' అంటారు. మన పూటకూళ్ళిల్లే, కాకపోతే ఒంటిగదిలో. నెలాఖరుకి జీతాలొచ్చాక డబ్బిచ్చేవాళ్ళు. మిల్లుల్లో సమ్మె కడితే ఆవిడే అరువు పెట్టేది. కార్మిక ఉద్యమాల చరిత్ర రాసినవాళ్ళు నాయకుల ఉపన్యాసాలు పేజీలకి పేజీలు రాశారు. సమ్మె నెలల్లో ఈవిడ పెట్టిన అరువుకి ఒక పేరా దొరికితే గొప్ప.

ఇంతవరకూ ఇంటి యజమాని పెద్దగా పట్టించుకోలేదు. అద్దె వస్తే చాలు. పట్టించుకోవడం మొదలుపెట్టింది 1947 చట్టంతో. ఆ చట్టం 1948 ఫిబ్రవరిలో అమల్లోకొచ్చింది. చాలా ఇళ్ళకి అద్దె 1940 సెప్టెంబరు 1న ఎంత వుందో అంతే, పెంచడానికి వీల్లేదు. కారణం లేకుండా ఖాళీ చేయించడానికీ వీల్లేదు. ఆ కారణాల్లో ఒకటి, కాపరం వున్నవాడు యజమానికి తెలియకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం. ఇప్పుడు చూడండి తమాషా. బయట అద్దెలు ఏడాదికేడాదీ పెరుగుతున్నాయి, ఈ గదికి మాత్రం పాత అద్దే. కాపరం వున్నవాడు పాతిక రూపాయలు యజమానికి కట్టి, అదే గదిలో సగం నూరు రూపాయలకి ఇంకొకడికిచ్చాడనుకోండి, డెబ్భై అయిదు ఎవరి జేబులోకి? యజమాని కడుపు మండిందంటే మండదూ మరి! గదిలో జనం ఎక్కువయ్యారని కాదు ఆయన బాధ. జనం ఎప్పుడూ ఎక్కువే వున్నారు. తన గది మీద ఇంకొకడు యజమాని అయి కూర్చున్నాడని. ఈ మాట కోర్టు కాగితాల్లో ఎవరూ ఒప్పుకోరు గాని, నాకు మాత్రం ఆ తగాదాలన్నిటికీ మూలం ఇదే అనిపిస్తుంది.

యజమానుల వైపు కూడా న్యాయం లేకపోలేదు. వాళ్ళలో కోటీశ్వరులే వున్నారనుకోకండి. మొగుడు కట్టించిన ఒక్క చాల్ మీద బతికే విధవరాండ్రూ వున్నారు. ఆ పాత అద్దెలతో సున్నం కూడా వేయించలేరు. మేడలు కూలిపోవడం మొదలైతే 1969లో ప్రభుత్వం మరమ్మతులకి వేరే బోర్డు పెట్టవలసి వచ్చింది. చివరికి 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు, అద్దెని ఇన్నేళ్ళు అలా బిగించి వుంచడం న్యాయం కాకుండా పోయిందని చెప్పింది.

సరే, మరో మనిషిని చేర్చుకున్నారని యజమాని రుజువు చెయ్యడం ఎలా? రేషను కార్డులో ఎవరి పేరుంది, ఉత్తరాలు ఎవరి పేర వస్తున్నాయి, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు, ఇవన్నీ పోగుచెయ్యాలి. ఇంతలో అద్దె పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టవుతుందేమోనని పుచ్చుకోడు. వీళ్ళు మనియార్డరు పంపుతారు, ఆయన తిప్పి పంపుతాడు. ఇటువైపు వాళ్ళేమంటారు? "మా తమ్ముడండీ" అంటారు. "మేనల్లుడండీ" అంటారు. మనకి వరసలకేం తక్కువ? పైగా, వున్నవాడు పోతే అతనితో కలిసి ఇంట్లో వుంటున్న కుటుంబసభ్యులకి హక్కు వస్తుందని చట్టంలోనే వుంది. దాంతో వరసలు ఇంకా చిక్కబడ్డాయి. నిజంగా మేనల్లుడైనవాడు తనే మేనల్లుణ్ణని రుజువు చేసుకోవలసిన రోజులొచ్చాయి.

ప్రభుత్వం ఏం చేసిందంటే, ఇలా దొంగచాటుగా వున్నవాళ్ళు లక్షల్లో వున్నారు, అందరినీ వీధిలో పడెయ్యలేం కదా అని, 1959 మే 21 నాటికి వున్నవాళ్ళని సక్రమం చేసేసింది. ఆ తరవాత జనం తెలివి మీరారు. 'అద్దె' అన్నమాటే వాడకుండా 'లీవ్ అండ్ లైసెన్స్' అని కాగితం రాసుకోవడం మొదలుపెట్టారు. ఇల్లు నీకు అద్దెకివ్వలేదు, వుండడానికి అనుమతిచ్చానంతే అని దానర్థం. పదకొండు నెలలకోసారి తిరగరాసుకునేవారు. 1973లో ప్రభుత్వం మళ్ళీ వచ్చి, ఆ ఏడు ఫిబ్రవరి 1 నాటికి అలా వున్నవాళ్ళంతా కూడా అద్దెదారులేనంది. వున్నవాళ్ళు బతికిపోయారు. ఆ మర్నాటి నుంచి ఇల్లు వెతుక్కునేవాళ్ళు చచ్చిపోయారు. ఖాళీ ఫ్లాటుకి తాళం వేసుకుని కూర్చోవడమే మేలని యజమానులు భయపడ్డారు. లోపలున్నవాడిని కాపాడిన ప్రతి చట్టమూ బయటవున్నవాడి ముఖాన తలుపు వేసింది. ఇది ఎవరో కావాలని చేసింది కాదు, అయినా అలాగే జరిగింది.

మన దగ్గర మాటకొస్తే, 1960లో ఆంధ్రప్రదేశ్‌కి చేసిన అద్దెల చట్టంలోనూ ఈ షరతుంది. రాతమూలకమైన అనుమతి లేకుండా ఇల్లు గానీ, అందులో కొంతభాగం గానీ ఇంకొకరికి అద్దెకిస్తే ఖాళీ చేయించవచ్చు. ఆంధ్రప్రాంతానికి 1945 అక్టోబరు 23 తరవాత ఇచ్చినవాటికీ, తెలంగాణాకి నిజాం నాటి 1353 ఫసలీ ఉత్తర్వు తరవాతవాటికీ అని తేదీలు కూడా వేరువేరుగా రాశారు. ఒకే రాష్ట్రం, రెండు పంచాంగాలు! ఇక్కడ అసలు చిక్కు 'ఇవ్వడం' అన్న మాట దగ్గర. ముందుగదిలో మంచం వేసుకున్న కుర్రాడికి మనం 'ఇచ్చినట్టా', వాడు 'వున్నట్టా'?

దీనికి దారి చూపించిన తీర్పుల్లో పేరుపడ్డది మన రాజమండ్రి ఆయన రాసిందే. కోకా సుబ్బారావుగారు, 1966లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయినాయన. 1959 నాటి ఆ కేసు ఢిల్లీలోని ఇంపీరియల్ హోటల్‌ది. అక్కడ గదుల్లో ఒకాయన జుత్తు కత్తిరించి అలంకరించే దుకాణం నడుపుకునేవాడు. అది అద్దెా, ఉత్త అనుమతా అని తగాదా. కాగితం మీద ఏ పేరు రాసుకున్నారన్నది కాదు, లోపల అసలు సంగతేమిటో చూడాలన్నారు సుబ్బారావుగారు. ఆ చోటు పూర్తిగా అతని స్వాధీనంలో వుంటే, పైకి వేరే రుజువు కనిపించనంతవరకూ అతను అద్దెదారే అనుకోవాలి. మన భాషలో చెప్పుకోవాలంటే, తాళంచెవి ఎవరి దగ్గరుందో చూడమన్నట్టు. మీ మరిది గది తలుపు మీరు తోసుకుని వెళ్ళగలిగితే, అతని బట్టలు మీరే మడతపెడుతుంటే, అతను ఎన్నేళ్ళున్నా అది ఇంకొకరికి ఇచ్చినట్టు కాదు. ముందుగదికి వేరే తాళం పడి, మీరు తలుపు తట్టి లోపలికెళ్ళవలసి వస్తే మాత్రం ఇంటావిడ ప్రశ్నకి జవాబు మారుతుంది. చెప్పుల జతలతో నిమిత్తం లేదు. ఇలాంటి ఇవ్వడాలు యజమాని కళ్ళుగప్పే జరుగుతాయి గనక, చుట్టూ వున్న పరిస్థితుల్ని బట్టి ఊహించుకోవచ్చునని కూడా తరవాత 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ మళ్ళీ ఇంటావిడకి కాస్త బలం వచ్చిందనుకోండి.

ఈ కేసుల్లో నా మనసు తొలిచేది ఇంకొకటుంది. యజమాని, అద్దెదారు, అతను చేర్చుకున్నవాడు, ముగ్గురూ కోర్టెక్కి ఎవరి హక్కు వాళ్ళు చెప్పుకుంటారు. చేర్చుకున్నవాడికి పొద్దున్నే టిఫిను డబ్బా కట్టి, వాడికి జ్వరమొస్తే జావ కాచి, వాడిచ్చే డబ్బుతో పిల్లల ఫీజు కట్టినావిడ సాక్షిగా కూడా కనిపించదు. బొంబాయి చట్టం 1973లో 'పేయింగ్ గెస్ట్' అంటే ఎవరో నిర్వచించింది. కుటుంబంలోనివాడు కాకుండా, ఇచ్చినవాళ్ళు కూడా వుంటున్న ఇంట్లోనే కొంతభాగంలో అనుమతితో వుండేవాడు. వాడికి అద్దెదారు హక్కులు రావు. అందుకే యజమానులకీ, చేర్చుకునేవాళ్ళకీ ఆ మాట తెగ నచ్చింది. ఆ నిర్వచనంలో ఎంత వెతికినా అన్నం మాట లేదు.

ఆ అన్నం సంగతి పట్టించుకున్నది ప్రేమా పురవ్ అనే ఆవిడ. 1975లో బొంబాయి మిల్లు పేటల్లోని ఖానావళి ఆడవాళ్ళని పోగుచేసి 'అన్నపూర్ణా మహిళా మండల్' పెట్టింది. అప్పటిదాకా వాళ్ళు బియ్యానికీ, నూనెకీ కిరాణా కొట్టువాడి దగ్గర హెచ్చు వడ్డీకి అప్పు తెచ్చుకునేవాళ్ళు. ఆవిడ వాళ్ళని బ్యాంకుకి తీసుకెళ్ళింది. హామీ ఎవరన్న చిక్కొచ్చింది. తాకట్టు పెట్టడానికి వాళ్ళకేముంది? గది యజమానిది, బంగారం ఎప్పుడో పోయింది. అంచేత ఒకరికొకరు హామీ వుండి, అప్పు తమ పేరునే తీసుకున్నారు. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలై, రెండున్నర లక్షలమంది పని మానేసి చాలామంది ఊళ్ళకి వెళ్ళిపోయినప్పుడు, చాపలు ఖాళీ అయిన గదుల్లో మిగిలింది వాళ్ళే. తిన్నవాళ్ళ బాకీలు చిల్లర పుస్తకాల్లో అలాగే వుండిపోయాయి. కొందరు ఆఫీసులకి కారేజీలు కట్టడం మొదలుపెట్టారు.